తెల్ల రక్తకణాలు ఎలా పెద్దవవుతాయి, ఎక్కడ ఆగిపోతాయి



సంక్రాంతి సెలవులయ్యాక జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి మాట్లాడుకోవడం అయిపోయాక, ఒక అమ్మగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి అడిగారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. ఆ బాబు పక్కన మావాణ్ణి కూర్చోబెట్టొద్దు. అంటుకుంటుందేమోనని భయం." ఆ రోజు ఇంకో ఇద్దరు కూడా ఇదే సంగతి కాస్త అటూ ఇటూగా అడిగారు. మనవణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక మామ్మగారైతే గేటు దగ్గరే సూటిగా, "ఆ పిల్లోడికి జుత్తు లేదేటమ్మా?" అన్నారు.

ఆ బాబు దాదాపు ఏడాది తర్వాత స్కూలుకి తిరిగొచ్చాడు. పేరు, క్లాసు, సెక్షన్ రాయను. వాళ్ళ అమ్మానాన్నలు రాయమన్నారు కాబట్టే ఈ మాత్రం రాస్తున్నాను. అతనికి వచ్చింది ల్యుకీమియా, అంటే రక్త కేన్సర్. పెద్ద వైద్యం అయిపోయింది, ఇప్పుడు మాత్రల మీద ఉన్నాడు, జుత్తు మళ్ళీ మొలుస్తోంది.

ముందుగా జవాబు చెప్పేస్తాను. అంటుకోదు. పక్కన కూర్చున్నా, ఒకే బాటిల్‌లో నీళ్ళు తాగినా, చెయ్యి పట్టుకుని ఆడుకున్నా అంటుకోదు. ప్రమాదం ఉన్నది అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు. మన పిల్లల నుంచి ఆ బాబుకి. ఎందుకో తెలియాలంటే తెల్ల రక్తకణం ఎలా పుట్టి, ఎలా పెద్దదై, ఎలా పనిలోకి దిగుతుందో తెలియాలి. నేను రోజూ క్లాసులో ఈ బయాలజీ ఇంగ్లీషులో చెప్పేదాన్ని. తెలుగులో రాస్తుంటే కొన్నిచోట్ల చెయ్యి ఆగుతోంది, సర్దుకోండి.

ఒకే బీరువా, వేరు వేరు అరలు

ఎర్ర రక్తకణాలని పక్కన పెడితే, మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే డి.ఎన్.ఎ. ఉంటుందని పదో తరగతి పిల్లలకి చెప్తాం. దీనికో మినహాయింపు ఉంది, కాసేపట్లో దానికి వస్తాను. కంట్లో కణానికీ, కాలేయంలో కణానికీ ఉన్నది ఒకటే డి.ఎన్.ఎ. అయితే కన్ను కన్నులాగా, కాలేయం కాలేయంలాగా ఎందుకున్నాయి? ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. అడగకపోతే నేనే అడిగిస్తాను.

మీలో చాలామంది స్టీల్ ప్లాంట్‌లోనో, దాని చుట్టూ ఉన్న యూనిట్లలోనో పనిచేసేవారు. అందుకని ఇలా ఊహించమంటాను. ప్లాంట్‌లో ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ ఒకేలాంటి బీరువా ఇచ్చారు. ప్రతి బీరువాలోనూ ప్లాంట్ మొత్తానికి సంబంధించిన డ్రాయింగులు సుమారు 20,000 ఉన్నాయి. అయినా కోక్ ఓవెన్స్ వాళ్ళు తమకి కావలసిన అరలే తెరుస్తారు, రోలింగ్ మిల్లు వాళ్ళు తమ అరలు తెరుస్తారు. మిగతా వాటికి తాళం. ఏ డ్రాయింగు బల్ల మీదికి వస్తే ఆ సామానే తయారవుతుంది. కణంలో డ్రాయింగు అంటే జీన్, తయారయ్యే సామాను అంటే ప్రోటీన్. మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జీన్లు ఇంచుమించు అన్నే, 20,000.

తాళం అన్నది ఊరికే పోలిక కోసం అన్న మాట కాదు. ఒక్కో కణంలో డి.ఎన్.ఎ.ని సాగదీస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది. అది హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ, రీలుకి దారం చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. గట్టిగా చుట్టిన చోట ఉన్న జీన్‌ని కణం చదవలేదు. వదులైన చోట చదవగలదు. ఎక్కడ వదులు చెయ్యాలో, ఎక్కడ చదవడం మొదలుపెట్టాలో నిర్ణయించే ప్రోటీన్లని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మన లెక్కలో అవి తాళంచెవులు. తమాషా ఏమిటంటే, ఆ తాళంచెవి కూడా అదే బీరువాలో ఉన్న ఒక డ్రాయింగు చూసి చేసిందే. అందుకని ఒక అర తెరిస్తే అందులోంచి ఇంకో అర తాళంచెవి వస్తుంది. కణం పెద్దదవడం అంటే ఇదే. వరసలో తెరుచుకుంటూ, వెనక అరలు మూసుకుంటూ పోవడం.

మూలుగలో ట్రైనింగ్

రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. రోజుకి వేల కోట్ల కణాలు. అన్నిటికీ మూలం స్టెమ్ సెల్స్. అవి ఇంకా ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ చేరని కుర్రాళ్ళలాంటివి. అందులోంచి ఒకటి ఎర్ర రక్తకణం వైపు వెళ్తుంది, ఒకటి ప్లేట్‌లెట్ల వైపు, ఒకటి బి కణం వైపు. మన కథకి కావలసింది బి కణం, దాని తోబుట్టువు టి కణం. సి.బి.పి. రిపోర్టులో లింఫోసైట్స్ అని ఒక శాతం వేస్తారు చూడండి, వాటిలో ఎక్కువ భాగం ఇవే.

బి కణం అవ్వాలంటే పాక్స్5 అనే తాళంచెవి ఉండాలి. ఇది బి కణానికి కావలసిన అరలు తెరుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మిగతా డిపార్ట్‌మెంట్ల అరలు మూసేస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాలు 1999లో అచ్చయ్యాయి. పాక్స్5 లేని ఎలుకల్లో ఈ కణాలు సగం దారిలో ఆగిపోయాయి. ఆగిపోవడమే కాదు, పరిస్థితిని బట్టి వేరే రకం రక్తకణాలుగా మారిపోగలిగాయి. తాళం వేసేవాడు లేకపోతే ట్రైనీ ఎప్పటికీ ఒక ట్రేడ్‌లో స్థిరపడడన్నమాట.

ఇందాక మినహాయింపు అన్నాను కదా. ఒక దశలో మాత్రమే, బి, టి కణాలలో రాగ్ అనే రెండు జీన్లు తెరుచుకుంటాయి. వాటినుంచి వచ్చే ప్రోటీన్లు కత్తెరలు. అవి డి.ఎన్.ఎ.లో కొన్ని ముక్కలు కత్తిరించి, మధ్యవి తీసేసి, మిగిలినవి అతికిస్తాయి. ఒక్కో కణంలో ఒక్కో రకంగా. కొద్దిపాటి ముక్కలతో కోట్ల రకాల యాంటీబాడీలు తయారవడం ఇలాగే సాధ్యమైంది. మన బీరువాలో ఒకే ఒక డ్రాయింగుని ప్రతి కణమూ తనకి తోచినట్టు చించి అతికించుకుంటుందన్నమాట. దీన్ని కనిపెట్టినందుకు జపాన్ శాస్త్రవేత్త సుసుము టోనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. ఆ పని కాగానే రాగ్ అర మూసెయ్యాలి. కత్తెర తెరిచి వదిలేస్తే ఏమవుతుందో పిల్లలున్న ఇళ్ళల్లో చెప్పక్కర్లేదు.

టి కణాలు చదువుకోవడానికి థైమస్‌కి వెళ్తాయి. అది రొమ్ము ఎముక వెనక, గుండెకి కాస్త పైన ఉంటుంది. చిన్నపిల్లల్లో పెద్దదిగా ఉండి, యుక్తవయసు తర్వాత కుంచించుకుపోతుంది. అక్కడ పరీక్ష ఏమిటంటే, మన ఒంటి భాగాలని చూసి శత్రువనుకునే కణం ఫెయిల్. దేన్నీ గుర్తుపట్టలేని కణం కూడా ఫెయిల్. ఫెయిలైనవి అక్కడే చనిపోతాయి. లోపలికి వెళ్ళినవాటిలో నూటికి 95కి పైగా బయటికి రావు. మన స్కూలు ఫ్లెక్సీల మీద పాస్ పర్సంటేజీ పెద్ద అక్షరాల్లో వేస్తాం కదా, థైమస్ మాత్రం ఫ్లెక్సీ కట్టలేదు.

అంత కష్టమైన పరీక్ష పెట్టినా కొన్ని తప్పుడు కణాలు తప్పించుకుని వచ్చేస్తాయి. వాటిని అదుపులో పెట్టడానికి ఇంకో రకం టి కణాలున్నాయి, సూపర్‌వైజర్లు అనుకోండి. వాటి తాళంచెవి పేరు ఫాక్స్‌పి3. ఈ ఒక్క జీన్ పాడైన మగపిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడుతుంది. పేగులు, చర్మం, పాంక్రియాస్ దెబ్బతింటాయి. ఈ సూపర్‌వైజర్ కణాల మీద, ఈ జీన్ మీద పనిచేసిన మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకి 2025 అక్టోబరులో నోబెల్ బహుమతి ప్రకటించారు. పిల్లలకి ఈ ముగ్గురి పేర్లు చెప్పండి, క్విజ్‌లో అడుగుతాను.

ఇక్కడ చిన్న పక్కదారి. "ఇమ్యూనిటీ పెంచే పౌడర్ ఏదైనా చెప్పండి మేడమ్" అని ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. రోగనిరోధక శక్తి అనేది ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టు పెంచేది కాదు. అందులో తెరిచే తాళాలెన్నో మూసే తాళాలూ అన్నే ఉన్నాయి. నిజంగా ఏదైనా పౌడర్ దాన్ని గుడ్డిగా పెంచేస్తే సంతోషించే విషయం కాదు, ఆస్పత్రికి వెళ్ళవలసిన విషయం. పప్పు, గుడ్డు, ఆకుకూర, నిద్ర, టీకాలు. నా దగ్గర ఇంతకంటే లిస్టు లేదు.

జ్వరం వచ్చిన రాత్రి

ట్రైనింగ్ అయిపోయిన టి కణం ఏ పనీ లేకుండా రక్తంలో, లింఫ్ గ్రంథుల్లో తిరుగుతూ ఉంటుంది. పావు భాగం కూడా నిండని టిఫిన్ బాక్సులాగా చిన్నగా, ఖాళీగా ఉంటుంది. చాలా అరలు మూసే ఉంటాయి. మీ పాప గొంతులోకి ఒక వైరస్ వచ్చిందనుకోండి. అక్కడ కాపలా ఉన్న కణం దాని ముక్కని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి తీసుకెళ్తుంది. అక్కడ వేల కణాలు ఆ ముక్కని తడిమి చూసి పోతాయి. ఒకదానికి సరిగ్గా సరిపోతుంది.

అక్కడి నుంచి అంతా వేగం. ఆ టి కణంలోకి కాల్షియం దూసుకొస్తుంది. కాల్షియం తగలగానే ఎన్‌ఫాట్ అనే తాళంచెవి, అంతదాకా గది బయట ఊరికే పడి ఉన్నది, కేంద్రకంలోకి వెళ్తుంది. ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ఇంకోటి కూడా వెళ్తుంది. కొన్ని గంటల్లో వందల జీన్లు తెరుచుకుంటాయి. వాటిలో ఒకటి ఇంటర్‌ల్యూకిన్-2. "పెరగండి, విడిపోండి" అన్న కబురు అది. ఒకరోజు గడిచాక కణం విడిపోవడం మొదలుపెడుతుంది. రోజుకి రెండు నుంచి నాలుగు సార్లు చొప్పున నాలుగైదు రోజులు. ఒకటి రెండు, రెండు నాలుగు అనుకుంటూ లెక్కవేసుకుంటూ పోతే వేలల్లోకి చేరుతుంది. గొంతు కింద, దవడ కింద బిళ్ళ కట్టిందంటాం కదా, అది ఈ పెరుగుదలే. కాలికి పుండు అయితే గజ్జల్లో బిళ్ళ కట్టేదీ అందుకే.

పక్కనే బి కణం కూడా మేల్కొంటుంది. యాంటీబాడీ ఫ్యాక్టరీగా మారాలంటే ఇన్నాళ్ళూ తనని బి కణంగా నిలబెట్టిన పాక్స్5 తాళంచెవినే పక్కన పెట్టెయ్యాలి. వేరే ప్రోటీన్ ఒకటి వచ్చి ఆ అర మూయిస్తుంది. అప్పుడా కణం సెకనుకి సుమారు 2,000 యాంటీబాడీలు వదులుతుంది.

ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. అందుకే వైరల్ జ్వరానికి మూడో రోజు కూడా తగ్గలేదేమని కంగారుపడి డాక్టర్‌ని మార్చేయకండి. అలాగే ఒక పారాసెటమాల్ వేసి మూడో రోజునే యూనిట్ టెస్ట్‌కి పంపించకండి. టెస్ట్ మళ్ళీ పెడతాం. నిజంగా పెడతాం.

పని అయ్యాక అరలన్నీ మళ్ళీ మూతపడాలి. పెరిగిన కణాల్లో నూటికి 90కి పైగా చనిపోతాయి. మిగిలిన కొద్దివి జ్ఞాపక కణాలు. అవి ఆ డ్రాయింగులని బీరువా అడుక్కి తొయ్యకుండా పై అరలోనే ఉంచుకుంటాయి. అంటే ఆ జీన్ల దగ్గర డి.ఎన్.ఎ. కాస్త వదులుగానే ఉండిపోతుంది. అదే క్రిమి మళ్ళీ వస్తే రోజులు అక్కర్లేదు. టీకా చేసేదీ ఇంతే. జబ్బు లేకుండా డ్రాయింగు పై అరకి చేర్చడం.

ట్రైనీగానే మిగిలిపోయిన కణం

ఇప్పుడు ఆ బాబు సంగతి. పిల్లల్లో వచ్చే కేన్సర్లలో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా. రెండు నుంచి అయిదేళ్ళ మధ్య ఎక్కువ, తర్వాత వయసుల్లోనూ వస్తుంది. ఇందులో తప్పు ఎక్కడంటే, నేను పైన చెప్పిన తాళంచెవుల్లోనే. కొందరు పిల్లల్లో పాక్స్5 దెబ్బతిని ఉంటుంది. కొందరిలో రెండు వేరు వేరు జీన్లు తెగి, ఒకదానికొకటి అతుక్కుపోయి, తెరవవలసిన అరని మూసేసే పాడు తాళంచెవి ఒకటి తయారవుతుంది. ఆ కణం పెద్దది కాదు. కానీ విడిపోవడం మాత్రం మానదు. ట్రైనీ ఎప్పటికీ ఆపరేటర్ అవ్వడు, పైగా ఒకడు ఇద్దరు, ఇద్దరు నలుగురు అవుతూ ఉంటారు. చివరికి మూలుగ నిండా వాళ్ళే. రిపోర్టులో బ్లాస్ట్ సెల్స్ అని రాసేది వీటినే.

మూలుగలో చోటు లేక ఎర్ర కణాలు తగ్గుతాయి, పిల్లాడు పాలిపోతాడు. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, దెబ్బ తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు వస్తాయి. తెల్ల కణాల లెక్క పెరిగినట్టు కనిపించినా పనిచేసేవి ఉండవు, అందుకని జ్వరాలు. లోపల ఒత్తిడికి కాళ్ళ ఎముకలు నొప్పి. ఇవి చదివి ఈ రాత్రి పిల్లలకి మచ్చలు వెతకకండి. బిళ్ళ కట్టిన వందమందిలో దాదాపు అందరివీ మామూలు బిళ్ళలే. వారాల తరబడి తగ్గని జ్వరం, పాలిపోవడం, కారణం లేని మచ్చలు, రాత్రి నిద్ర లేపే కాలి నొప్పి కలిసి కనిపిస్తే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళి సి.బి.పి. చేయించండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. డాక్టర్ చీటీ లేకుండా మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొని వెయ్యకండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ లాంటివి కణంలోకి వెళ్ళి, ఒక ప్రోటీన్‌ని పట్టుకుని, తిన్నగా జీన్ల మీదే పనిచేస్తాయి. ఇందాక చెప్పిన ఎన్‌ఎఫ్ కప్పా బి తెరిచిన అరలని మూయిస్తాయి. అందుకే జ్వరం, వాపు, నొప్పి చిటికెలో తగ్గినట్టు కనిపిస్తాయి. ముదరని లింఫోసైట్లని చంపేస్తాయి కూడా. అందుకే ల్యుకీమియా వైద్యంలో అవి ముఖ్యమైన మందు. కానీ జబ్బేమిటో తెలియకముందే వేస్తే, కణాలు కొన్నాళ్ళు దాక్కుని, రిపోర్టు మామూలుగా కనిపించి, అసలు వైద్యం ఆలస్యమవుతుంది.

ఆ బాబు వాళ్ళమ్మగారు నన్ను అడిగిన ప్రశ్న ఇంకోటి. "మేం ఏం పెట్టి పెంచామని ఇలా అయింది?" ఈ అతుక్కున్న జీన్లు కొందరు పిల్లల్లో పుట్టకముందే, కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయని, పుట్టినప్పుడు తీసి దాచిన రక్తపు చుక్కలు పరీక్షించి తేల్చారు. ఆ తర్వాత ఇంకొన్ని మార్పులు కలిస్తేనే జబ్బు. ఆ మార్పు ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అసలు జబ్బు రానే రాదు. పెంపకంలో తప్పు వెతకడానికి అక్కడేమీ లేదు. ఆవిడకి ఇదే చెప్పాను. నమ్మారో లేదో.

భీమవరం నుంచి వచ్చిన మాత్ర

ఆ బాబు వారానికోసారి మింగే మందు మెథోట్రెక్సేట్. దాని వెనక మన మనిషి ఉన్నాడు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు (ఈ వాక్యం టెన్త్ పిల్లల తల్లిదండ్రులు రెండుసార్లు చదువుకోవచ్చు). మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకి మందుగా పనికొచ్చిన ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసినట్టు ఆయన బృందం 1945లో ప్రకటించింది. తల్లులందరికీ ఈ మాత్ర తెలుసు, గర్భంతో ఉన్నప్పుడు రోజూ వేసుకున్నదే.

ఫోలిక్ యాసిడ్ ఎందుకు కావాలి? కణం రెండుగా విడిపోవాలంటే బీరువా మొత్తానికి నకలు తియ్యాలి. 20,000 డ్రాయింగులే కాదు, 2 మీటర్ల డి.ఎన్.ఎ. అంతా. దానికి కావలసిన సిరా తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ ఉండాలి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్‌కి, ఫోలిక్ యాసిడ్ లాంటి మందులిచ్చిన ల్యుకీమియా పిల్లల్లో జబ్బు ఇంకా పెరిగినట్టు అనిపించింది. అయితే దానికి వ్యతిరేకంగా పనిచేసేది ఇస్తే? సుబ్బారావు గారి బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ, కణాన్ని మోసగించే నకిలీ సిరా తయారుచేసి పంపింది. పేరు అమినాప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ అచ్చువేసిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే, కొన్ని నెలలే. కానీ అంతకుముందు ఆ జబ్బుకి ఏ మందూ అలా పనిచెయ్యలేదు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. అదే ప్రయోగశాల నుంచి వచ్చిన దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్.

ఇవాళ అనేక మందులు కలిపి, రెండు మూడేళ్ళు ఒక పద్ధతిలో ఇస్తారు. మంచి వైద్యం చివరిదాకా అందిన పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా బాగవుతారు. టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి మనకి హైవే మీద కూర్మన్నపాలెం దాటగానే అగనంపూడిలో ఉంది. కేన్సర్ అనగానే ముంబై టికెట్టు తియ్యాలనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

మనం చెయ్యవలసింది

నకిలీ సిరా మంచి కణం, చెడ్డ కణం అని చూడదు. వేగంగా విడిపోయే ప్రతిదాన్నీ దెబ్బకొడుతుంది. జుత్తు కుదుళ్ళు, నోటి లోపలి పొర, మంచి లింఫోసైట్లు. ఆ బాబుకి చిన్నప్పుడు వేయించిన టీకాల జ్ఞాపక కణాలు కూడా చాలావరకు పోయి ఉంటాయి. పై అరలో పెట్టుకున్న డ్రాయింగులు లేవన్నమాట. వైద్యం పూర్తయ్యాక కొన్ని నెలలకి టీకాలు మళ్ళీ వేస్తారు. అప్పటిదాకా అతనికి గోడ మన పిల్లలే.

ఆటలమ్మ మన పిల్లలకి వారం రోజుల దురద, లాక్టోకాలమైన్, స్కూలు సెలవు. అతనికి ఊపిరితిత్తుల దాకా వెళ్ళగలదు. పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది ఇతరులకి సోకుతుంది. తట్టు అయితే నాలుగు రోజుల ముందు నుంచే. కాబట్టి పొక్కు కనిపించాక ఇంట్లో ఉంచుకోవడం ఒక్కటే సరిపోదు, అంతకుముందు రెండు రోజులు పిల్లాడు స్కూలుకి వచ్చే ఉంటాడు. ఆ రోజే మాకు తెలిస్తే, ఆ బాబు వాళ్ళ డాక్టర్‌కి చెప్తే, జబ్బు రాకుండానో ముదరకుండానో మందు ఇవ్వడానికి సమయం ఉంటుంది. వారం తర్వాత లీవ్ లెటర్‌లో రాస్తే ఉండదు.

అమ్మవారు పోసిందని బయటికి చెప్పకూడదనే పట్టింపు కొన్ని ఇళ్ళల్లో ఉంది. వేపాకులు కట్టుకోండి, పూజలు చేసుకోండి, నేను కాదనను. మా అమ్మా చేసింది. ఫోన్ మాత్రం చెయ్యండి. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా పంపకండి, అటెండెన్స్ గురించి ఆలోచించకండి. మీజిల్స్-రుబెల్లా రెండు డోసులూ, అయిదేళ్ళ డి.పి.టి. బూస్టరూ, పదేళ్ళకి, పదహారేళ్ళకి వేసే టి.డి. టీకా వేయించారో లేదో కార్డు తీసి చూడండి. ఆటలమ్మ టీకా ప్రభుత్వ టీకాల జాబితాలో లేదు, బయట వేయించాలి. ఖరీదు ఎక్కువే, మీ పిల్లల డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి.

ఆ బాబు సీటు మార్చలేదు. పక్కన కూర్చునేది ఇప్పటికీ ఆ అమ్మగారి అబ్బాయే. ఇంటర్వెల్‌లో ఇద్దరూ కలిసి క్రికెట్ కార్డులు లెక్కపెట్టుకుంటారు, క్లాసులో కూడా, అది వేరే సంగతి.

పోయిన ఆదివారం రాత్రి పదిన్నరకి ఒక నాన్నగారు ఫోన్ చేశారు. వేరే సెక్షన్, కానీ వాళ్ళ అమ్మాయి ఆ బాబుతో ఒకే వ్యాన్‌లో వస్తుంది. "మేడమ్, మెడ మీద నాలుగు పొక్కులు కనబడుతున్నాయి. ఇప్పుడే చూశాం. మీరు చెయ్యమన్నారని చేస్తున్నాను." ఫొటో పంపమన్నాను. వెంటనే బాబు వాళ్ళింటికి చెప్పాను. పొద్దున్నే డాక్టర్‌కి చూపించారు. చెమటకాయలట. ఆయన మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేసి, రాత్రి లేపినందుకు ఓ పదిసార్లు సారీ చెప్పారు. క్లాస్ టీచర్ల నంబర్లు డైరీ రెండో పేజీలో ఉన్నాయి.